రేవు కాడ నోటీసు

సౌత్ షీల్డ్స్ ఫెర్రీ ఆఫీసు గ్లెండా
మా క్యాంటీన్ కౌంటర్ మీద కాగితం పెట్టింది.
'పడవ కదిలే పది నిమిషాల ముందు
జనాన్ని ఎక్కించుకోవడం మొదలవుతుంది.'
ఇంగ్లీషులో లైనున్నర.
"నీకు అరబ్బీ వచ్చంట గదా ఓబుళమ్మా, రాసిపెట్టు."

వచ్చు.
పదకొండేళ్లు కువైత్‌లో ఒక వంటిల్లు నేర్పినంత వచ్చు.
రూహీ, పో. జీబీ, తే.
కారు తలుపు తీసి ఇర్కబీ, ఎక్కు.
తెల్లారుజామున మెట్ల మీంచి ఇబ్దయీ, మొదలుపెట్టు.
నాకు తెలిసిన క్రియలన్నీ ఎవరో నాకు చెప్పినవి,
నేను ఎవరికీ చెప్పినవి కావు.
ఆ అరబ్బీతో నోటీసు రాస్తే
రేవులో జనమంతా పనిమనుషులైపోతారు.

తఖియా దగ్గరికి పోయినా.
హుదైదాలో ముప్పై ఏళ్లు పిల్లల వ్యాకరణం దిద్దిన మనిషి,
ఇక్కడ ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది.
నోట్లో గుండుసూదులతోనే మాట్లాడుతుంది.

ఎక్కడానికి రకిబ, అంది.
గుర్రానికీ అదే, బస్సుకీ అదే.
పడవకైతే ఇంకో పెద్ద మాట ఉంది, ఇస్తఖల్ల.
సూదులు అరచేతిలోకి తీసుకుని
దానికే ఇంకో అర్థం చెప్పింది:
ఎవరి కిందా లేకుండా పోవడం. స్వతంత్రం.
మళ్లీ చెప్పించుకున్నా.
ఏడు నిమిషాల నది దాటడానికి ఇంత మాటా?
"అందుకే వద్దులే," అంది,
"చదివినోళ్లు జెండా కోసం వెతుక్కుంటారు."

విమానం లేవడానికి అఖ్లఅ.
వెనక 'అన్' అని చిన్న ముక్క తగిలిస్తే
అదే మానేయడం అయిపోతుంది.
ఆమె మొగుడు సిగరెట్ల విషయంలో అట్లా పైకి లేచి
మూడు వారాలకే దిగిపోయినాడంట.

మీ మాట చెప్పు, అంది.
మాకు మొదలంటే చెట్టు అడుగు, కదలనిది.
అయినా అన్నీ అక్కణ్ణుంచే కదుల్తాయి.
ఎక్కడమంటే బండి ఒక్కటే కాదు,
కుండ పొయ్యి ఎక్కుతుంది, పొద్దు ఎక్కుతుంది,
చదువు తలకెక్కుతుంది, నాకైతే ఎక్కలేదు,
ఎక్కాలు మాత్రం పదమూడు దాకా వచ్చు.
"ఎక్కాలూ ఎక్కడం లోంచేనా?"
ఏమో. ఎవుర్నీ అడగలేదు.

అప్పుడు, నోటీసులో లేనిదొకటి అడిగినా.
నేను ఎక్కుతున్నా అనాలంటే?
అర్కబు.
నేను మొదలుపెడుతున్నా?
అబ్దఉ.
కాగితం మీద గీసి చూపించింది:
ముందర నిలువుగా అలిఫ్,
దాని నెత్తిన చిన్న మూట లాంటి హంజా.
"పురమాయించినప్పుడూ అలిఫే నిలబడుతుంది," అంది,
"కాకపోతే దాని నెత్తిన ఏమీ ఉండదు."
పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో ఉన్నన్నాళ్లూ
ఈ మూట కూడా అక్కడే ఉండి ఉంటుంది, బట్టల కింద.

శుక్రవారం నోటీసు అచ్చై వచ్చింది.
కంప్యూటరు అక్షరాలన్నీ విడగొట్టేసింది,
వరస తిరగేసింది.
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాల్సినవి
తప్పిపోయిన పిల్లల్లాగా దూరం దూరంగా.
తఖియా అద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది.
తిట్టింది. ఆ తిట్టు నాకు తెలుసు,
వంటింట్లో నేర్చుకున్నదే.

తర్వాత వేలు పెట్టి చూపించింది.
యబ్దఉ, మొదలవుతుంది.
దాని కొసన ఉండాల్సిన అలిఫ్
తిరగబడి మొదటికి వచ్చింది,
మూట నెత్తినే ఉంది.

సోమవారం మారుస్తాం, సారీ, అంది గ్లెండా.
వానలో ఫెర్రీ వచ్చి ఆగింది.
గొలుసు తీసిన కుర్రాడు "హవే" అని అరిచాడు,
ఈ ఊరి యల్లా అది, మన పదండి.
చేపల వాసన కోట్లు, సైకిళ్లు, ఒక కుక్క,
నోటీసు వైపు ఎవరూ చూడకుండానే
ఎక్కుతున్నారు.
తఖియా టికెట్ల కోసం సంచీలో వెతుకుతోంది.
నేను ముందు నడిచినా.