తాళం ఖర్చు

సంఘం లెక్కలు ఇరవై రెండేళ్ళుగా నావే.
కానుకల సంచి, కరెంటు బిల్లు,
ప్రభు బల్లకు ద్రాక్షరసం, మైకుకి బ్యాటరీలు,
ఏ పైసా ఏ పద్దులో కూర్చోవాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను,
ఈ ఒక్క మూడు వందల నలభై తప్ప.

ఓట్టేరి కాలువ పొంగిన రాత్రి
వ్యాసర్‌పాడిలో నీళ్ళు మొదట మరుగుదొడ్లలోంచి లేచాయి,
తర్వాత గడపలు దాటి వచ్చాయి.
నేను మందిరానికి పరుగెత్తిన మాట నిజం.
కొత్త తివాచీ చుట్టి మేడ మీదికి మోశాను,
కీబోర్డు, స్పీకర్లు, నా రిజిస్టర్లు.
ఇనప గేటుకి తాళం వేశాను,
లాగి చూశాను, మళ్ళీ లాగి చూశాను.
"ప్రభువా, నీ ఇంటిని నీవే కాపాడుము" అని
తాళంచెవి జేబులో వేసుకుని
పెరంబూరులో మా అన్న ఇంటికి పోయాను.
మంచి ప్రార్థన.
ఒక్క వ్యాకరణ దోషం లేదు.

లేయమ్మ
వారమంతా కార్పొరేషన్ వీధులు, ఆదివారం మా మందిరం ఊడుస్తుంది.
విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు
మూడో వాక్యం దగ్గర ఎప్పుడూ తడబడి
పక్కవాళ్ళ పెదాలు చూస్తుంది.
త్రిత్వమంటే ఏమిటని అయ్యగారు అడిగితే
"మీరే చెప్పాలి కదయ్యా" అందట.
ఎన్నడూ సాక్ష్యం చెప్పడానికి లేవలేదు.
లేచి ఏం చెబుతుంది?
మొగుడు తాగుడు మానలేదు.
మోకాలు నయం కాలేదు.

ఆ రాత్రి
డ్రైనేజీ మూతలెత్తే గునపంతో
నా తాళం పగలగొట్టింది.

తట్టేవాళ్ళకు తెరుస్తారని
ఆ గుమ్మం మీద ఎనామిల్ పెయింటుతో రాయించింది నేనే.
దాని కిందుగా మేడెక్కారట
చేపల సందు వాళ్ళు, మసీదు వీధి బీబీలు,
కమిటీ ఎన్నికల నాటి నుంచీ
మాతో మాట మానేసిన దైవాశీర్వాదం కుటుంబం,
ఎవరిదో తెలియని ఒక మేక.
చలితో వణికే ముసలాయన ఒకడికి
ప్రభు బల్ల మీది తెల్లగుడ్డ కప్పింది.
తివాచీ సంగతి చెప్పను.
చంటిపిల్లలు ఆరుగురు, మూడు రాత్రులు.

నీళ్ళు తీశాక వచ్చి అరిచాను,
"ఎవర్నడిగి పగలగొట్టావు?"
చీపురు ఆపకుండానే అంది,
"అడిగే టైము లేదయ్యా.
తాళం ఎంతయ్యింది?"

కోపంలో ఉన్నాను. ధర చెప్పాను.

మరుసటి ఆదివారం కానుకల సంచిలో ఒక కవరు.
పైన మనవరాలి తమిళ అక్షరాల్లో "పూట్టు".
లోపల ముప్ఫై రూపాయలు.
ఆ పై వారమూ ముప్ఫై.
వద్దనడానికి రెండుసార్లు ఆమె దాకా వెళ్ళి
వానల గురించి మాట్లాడి వచ్చాను.
పన్నెండో కవరులో పది.

దశమభాగం కాదు. విరాళం కాదు.
"మరమ్మతులు" అని రాసి కొట్టేశాను.
"నష్టపరిహారం" అని రాసి,
ఎవరి నష్టమని ఆలోచించి, కొట్టేశాను.
ప్రతి కొట్టివేత పక్కనా పొట్టి సంతకం పెట్టాను.
ఆడిటరు వేలుపెట్టి అడిగాడు.
వచ్చే సంవత్సరం చెబుతానన్నాను.

కొత్త తాళం గట్టిది.
రెండో తాళంచెవి లేయమ్మ కొంగుకి ఉంది,
కమిటీ తీర్మానం లేకుండానే.

మొన్న ఆరాధనలో
"నేను నమ్ముచున్నాను" అని
అందరికంటే పెద్ద గొంతుతో మొదలుపెట్టి
మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను,
ఇరవై రెండేళ్ళలో మొదటిసారి.
తల తిప్పి ఆమె పెదాల వంక చూశాను.

తెల్లవారుజాము మూడింటికి లేచిన మనిషి,
ఆవులిస్తోంది.