చివరి వరుస

పురసవాక్కంలో కళ్ళద్దాల షాపు మాది.
మాది అంటే సేటుది, నేను జీతానికి.
గోడకి రెండు చార్టులు, తమిళం ఒకటి, ఇంగ్లీషు ఒకటి.
తెలుగుది సొరుగులో, బిల్లుపుస్తకాల కింద.
వ్యాసర్పాడి నుంచి ఏ తాతో వచ్చి
"మన అక్షరాలు లేవా అమ్మా" అంటే బయటికి తీసేదాన్ని.

చదివింది తమిళ బడి,
ఇంట్లో తెలుగు నోటికే గాని చేతికి రాలేదు.
ఆ అట్టమీదే నా అక్షరాభ్యాసం.
పైన గుమ్మడికాయంత 'మ',
కిందికి దిగేసరికి ఆవగింజలు.
ఒక్క 'క'తో నాలుగు పనులు చేయించే బడి నుంచి వచ్చానా,
ఇక్కడ నలుగురూ విడివిడిగా నిలబడి
ఎవరి పేరుతో వాళ్ళని పిలవమన్నారు.
'ఘ' దగ్గర వారం ఆగిపోయాను.

ఇప్పుడు ఆదివారమైతే చాలు
సెంట్రల్ పక్కన పాతపుస్తకాల కొట్లో మోకాళ్ళ మీద ఉంటాను.
తెలుగువి అడుగున ఉంటాయి,
ఇంజనీరింగు గైడ్లని మోస్తూ.
మునిరత్నం ముప్ఫై అంటాడు, ఇరవైకిస్తాడు,
చదివాక కథ చెప్పాలని షరతు.
చెప్తాను. నిలబడి, చేతులు తిప్పుతూ.
పోయిన నెల ఒక నవల్లో తాసిల్దారు చచ్చిపోతే
"అయ్యో, మంచివాడే" అని టీగ్లాసు కింద పెట్టేశాడు.
నిజానికి చావలేదు. నేనే చంపాను.
నవల్లో బదిలీ అయి వెళ్ళిపోతాడంతే.

రాత్రి ఎనిమిదిన్నరకి కనకవల్లి పిన్ని ఇంట్లో సీరియల్.
అత్త తలుపు తీసేలోపే
కోడలు ఏమంటుందో నేను అనేస్తాను.
"నోర్మూసుకుని చూడవే" అంటుంది పిన్ని.
నాలుగింట మూడుసార్లు నా మాటే నెగ్గుతుంది.
నాలుగోసారి ఆ కోడలు ఏమీ అనదు.
కొంగుతో గిన్నె తుడుస్తుంది.
ఇక ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు.
మాటలంటే ఎవరో రాశారు సరే,
ఆ గిన్నె ఎవరు రాశారు?

సినిమాకెళ్తే ఆఖరిదాకా కదలను.
దీపాలు వెలుగుతాయి, చీపుళ్ళు వస్తాయి,
పాప్‌కార్న్ ఊడ్చే ఆయమ్మ కాళ్ళెత్తమంటుంది.
పేర్లు పైకి పాకుతుంటాయి చీమలబారులా,
లైట్లు మోసినవాళ్ళు, భోజనాలవాళ్ళు, కుక్కని తెచ్చినవాళ్ళు.
"మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అరవంలో అడిగిందొకసారి.
"వెతుకుతున్నా" అన్నాను.
చీపురు ఆపి తనూ కాసేపు వెతికింది.

ఒక్క పుస్తకం సంగతి మాత్రం మునిరత్నానికి కూడా చెప్పలేదు.
నలభై మూడో పేజీలో, తల్లి ఏడుస్తున్న చోట,
ఎవరో పెన్సిలుతో అంచున రాశారు:
ఇది అబద్ధం.
ఒళ్ళు మండింది. నేను ఆ పేజీకి ఏడ్చినదాన్ని.
మళ్ళీ చదివాను. మళ్ళీ.
ఆ తల్లి ఏడవటం లేదు,
సరిగ్గా రైలు కదిలే వేళకి
చక్కగా కన్నీళ్ళు అందిస్తోంది.
ఆ పెన్సిలు ఏ ఇంటిదో, ఎన్నేళ్ళ కిందటిదో,
ఇప్పుడు నా నోటుబుక్కు పక్కనే మకాం.
ఒక వాక్యం రాసి మురిసిపోతానా,
గొంతు సవరించుకుంటుంది.

నిన్న పెరంబూరు నుంచి తులశమ్మగారు.
తెలుగు చార్టు దుమ్ము దులిపి తగిలించాను.
పైనుంచి గడగడా దిగింది.
చివరి వరుస దగ్గర కళ్ళు చికిలించింది,
ఆగలేదు మాత్రం.
"వా, న, వ, చ్చే, లా, ఉం, ది" అంది.
నేను అద్దం మార్చాను. ఇప్పుడో?
ముందుకి వంగి చూసింది.
"ర. ళ. య. ఇంతేనా?"
ఇంతేనండి.
"ముందుదే బాగుంది కదమ్మా."

బిల్లు వెనక రాసుకుంటున్నాను,
వానలో ఉన్న ఏడక్షరాలూ విడివిడిగా,
ఆవిడ అప్పుడే ఫ్రేము పట్టుకుని
ఎనిమిదివందలా అని సేటు మీదికి వెళ్ళింది.