ప్లేడే

అయిదింటికి సైరన్ కూసింది.
కాళ్లు వాటంతటవే లేవబోయినయి.
"మీకు కాదు" అన్న. దుప్పటి కప్పిన.

ఇయ్యాల ఆదివారం.
మా మందమర్రిల దీనికి ప్లేడే అని పేరు.
ఆట రోజట!
బాయిల దిగినోనికి రెండు రోజుల కూలి.
ఎవడు పెట్టిండో గని
ఇరవై రెండేండ్లల ఒక్క ప్లేడే ఆడింది లేదు నేను.

ఓదెలు సర్దార్ ఫోన్ జేసిండు.
"జెరమా?"
"కాదు."
"ఎవలన్న పోయిన్రా?"
"లేదు."
"మరి?"
"ఊకెనే" అన్న.
అవుతల కొంచెంసేపు ఏం ఇనరాలే.
ఊకెనే అనే జబ్బును ఏ రిజిస్టర్ల రాయాలెనో
దేవులాడుతున్నడు కావొచ్చు.

కనకవ్వ సుత రెండుసార్లు నుదురు వట్టి జూసింది.
చాయ తెచ్చిపెట్టి
"బండి కిస్తి?" అన్నది.
"వచ్చే నెల."
ఏమనలే. గోరుచిక్కుడుకాయల చాట పట్టుకొచ్చి
నా పక్కకే కూసున్నది.

ఎనిమిది దాటినంక
తూర్పు కిటికీలకెల్లి ఎండ ముక్క ఒకటి లోపటికొచ్చింది.
ముందు బిడ్డ గోడ మీద గీసిన బాతు మీద,
ఆ తర్వాత జారి బియ్యం డబ్బా మీద,
ఇగ మెల్లగ గచ్చు మీదికి దిగింది.
ఈ క్వార్టర్‌కు వచ్చి పదకొండేండ్లు.
"ఈ ఎండ రోజూ వస్తదా?" అనడిగిన.
"నువ్వు లేనప్పుడు వస్తది" అన్నది
ఈనె తీసుకుంట.

బాయిల మేం బొగ్గంత తవ్వం.
నడుమ నడుమ పిల్లర్లు ఇడిచిపెడ్తం.
కండ్ల ముంగట నిగనిగ మెరిసే బొగ్గే, అయినా ముట్టం.
కప్పు నిలవడాలె గద.
ఆఖరుకు, ఇగ ఈ తావు పని ఒడిసింది అనుకున్నప్పుడు
వాటిని గూడ కోసుకుంట ఎనుకకు వస్తం.
అప్పుడు కప్పు మాట్లాడుతది.
ముందు చిన్నగ, ఇసుక రాలినట్టు.
తెలిసినోడు ఆ సప్పుడు ఇని ఉరుకుతడు.

మొన్న రాత్రి మంచం దిగుతుంటే
నా నడుంల ఇన్న, గదే సప్పుడు.
ఎన్ని ఆదివారాలు కోసుకున్ననో
లెక్క రాసిపెట్టలే.

పదింటికి ఎండ నా కాళ్ల కాడికి వచ్చింది.
గోర్ల సందుల బొగ్గు,
ఎంత తోమినా పోనిది,
నల్ల కాటుక లెక్క కనవడ్డది.
బొటనవేలు ఆడించిన. ఎండ ఆడింది.
ఇగ ఆ తర్వాత ఏమైందో తెల్వదు.

లేచేసరికి గచ్చు మీద ఎండ లేదు.
కూర వాసన.
"ఎటు పోయిందే?" అన్న.
"నీ మొకం మీదికెల్లే పోయింది" అన్నది కనకవ్వ,
"లేపుదమనుకున్న గని
మనసొప్పలే."