మూడో కార్డు

జట్టుకు ముగ్గురం, బాపూ.
ముగ్గురం పద్దెనిమిది గుంతలు తిరుగాలె,
రెండు కార్డులే లెక్కల కలుస్తయి.
ఎక్కువ దెబ్బలు కొట్టినామె కార్డు బోర్లిస్తరు.
చింపరు. పారెయ్యరు. బోర్లిస్తరు, గంతే.

ఫోన్ల నవ్వినవు నువ్వు, దగ్గొచ్చేదాక.
"బదిలీ ఫిల్లరుకు చెప్తున్నవా బిడ్డా?"

పన్నెండేండ్లు
తట్టా చెమ్మసు భుజానేసుకొని
టూ ఇంక్లైన్ మస్టరు కిటికీ కాడ నిలవడ్డవు.
పర్మినెంటు మనిషికి జరమొస్తెనే నీ పేరు.
పిలవని నాడు పొద్దెక్కంగ తిరిగొస్తుంటివి,
మూత తియ్యని టిపిని డబ్బ అవ్వ చేతుల పెడుతుంటివి,
మాకు ఆ నాడు చింతతొక్కు రెండు పూటల.
క్యాలెండర్ల మస్టరు వడ్డ దినానికి గీత,
పడని దినానికి ఉత్త తెలుపు.
కాని పోయినవు గద. నడిచే పోయినవు.

నా ఆట ఓబీ గుట్ట కిందనే మొదలైంది.
ఆఫీసర్ల క్లబ్బెనుక తొమ్మిది గుంతలు,
గడ్డి పేరుకు గూడ లేదు.
డంపర్ల కాలిన నూనె ఇసుకల కలిపి తొక్కిచ్చిన చదును,
దాన్ని గ్రీను అనకపోయేది, బ్రౌను అనేది.
ఆడినోళ్ల అడుగులు చెరపను
గోనెసంచి గుంజుకుంట గుండ్రంగ తిరిగేదాన్ని,
రౌండుకు ఐదు రూపాయలు.
గోనె తిప్పుకుంటనే నేల వాలు కాళ్లకు ఎరుకైంది.
ఏజెంటు భార్య బదిలీ మీద పోవుకుంట
విడిచిపోయిన సెవెన్ ఐరన్‌కు
సైకిలు ట్యూబు చుట్టిచ్చినవు నువ్వు, పట్టు జారకుంట.
మూడింటికి సైరను, ఎనుకనే బ్లాస్టింగు.
ఎత్తిన కర్ర దించి, పండ్లు బిగవట్టి ఆగాలె,
నేల ఒణికి ఊకున్నంక కొట్టాలె.

ఆ సముద్రం ఒడ్డు ఊరి పేరు నీకు మూడుసార్లు చెప్పిన,
మూడు తీర్ల పలికినవు.
గొర్రెపిల్ల వీపు లెక్క గడ్డి,
కాలు వెట్ట మనసొప్పలే.
బంతిని తాకిస్తె చాలు, ఆగనే ఆగది,
గుంత దాటి, సిగ్గు దాటి పోతది.
మొదటినాడు ఎనభై ఒకటి.
రెండోనాడు డెబ్బై తొమ్మిది.
మూడోనాడు వాన, గాలి, డెబ్బై ఎనిమిది.
మూడు దినాలూ నా కార్డు బోర్లనే.
నాగా పెట్టలే, కాని నాగానే.
దేచమ్మ ఏమో అనబోయి ఊకుంది.
గుర్లీన్ తన గొడుగును నా దిక్కు వంచింది,
ఆమె ఎడమ భుజం తడిసింది.

నాలుగోనాడు పదిహేడో గుంత కాడ
నాలుగడుగుల పుట్.
ముందు పోయిన ఇద్దరి కార్డులు నాకంటె మంచియని
అప్పటికే తెలుసు.
ఎందుకు వంగిన్నో, రెండు దిక్కుల నుంచి
వాలు ఎందుకు జూసిన్నో నన్నడగకు.
పుట్టరు ఎనుకకు తీసి ఆగిపోయిన.
అక్కడి గడియారంల మూడు అయితున్నది.
నాతోటి ఆడే తెల్లపిల్ల
చేతుల పెన్సిలు పట్టుకొని నన్నే చూస్తున్నది.
నేల ఒణకలే.
ఒణకదని తెలిసి గూడ
కాసేపు దాని కోసం నిలవడ్డ.
గప్పుడు కొట్టిన. పడ్డది.

డెబ్బై నాలుగు. మళ్ల మూడో కార్డే.

బూట్లు ఇప్పుకుంటుంటె పిలిచిన్రు.
మనమూ ఇంకో దేశమూ సరిసమానమట,
నాలుగు దినాల మొత్తం ఒక్కటే అంకె.
ముసలాయన ఒకాయన కండ్లద్దాలు తుడుసుకొని
బోర్లిచ్చిన కార్డులు రెండు తిరిగేసిండు.
వాళ్లది డెబ్బై ఐదు.

పదకొండో జాగ.
కప్పు లేదు, పేపర్ల మూలకు గూడ రాలే.
పన్నెండు కాకుంట పదకొండు.

"నూనె చెయ్యితోటి పట్టకు" అంటున్నది అవ్వ.
కార్డును లైటు కిందికి జరిపి సదువుతున్నవు.
నీలపు బొగ్గు మచ్చున్న నీ ఏలు
గడి గడికి కదిలి పదిహేడు మీద ఆగింది.

"గీడ ఆగినవా?"
"ఆగిన."
"ఎంతసేపు?"