ఫోన్‌లో వినబడే పేర్లు

జోంబా ఆసుపత్రి వెనక, దుప్పట్లుతికే గదిని ఆనుకుని
నాకూ బంబో చిపెటాకూ ఒక రేకుల షెడ్డు.
దానమొచ్చిన యంత్రాలు ముందు మా దగ్గరే దిగుతాయి,
తీగ చివర తమ దేశాన్ని పట్టుకుని.

జర్మనీ రెండు గుండ్రటి కాళ్ళ మీద,
ఇటలీ వరసగా నిలబడ్డ ముగ్గురు పిల్లల్లా,
అమెరికా రెండు పలుచటి రేకులతో.
మా గోడల్లో ఉన్నవి మూడు పలకల కన్నాలు,
ఇంగ్లీషువాడు వెళుతూ వెళుతూ
పీక్కుపోవడం మర్చిపోయినవి.

మొదట పుస్తకంలో ఉన్న అక్షరాలే చీటీలు రాసి కట్టాం.
ఫిబ్రవరి వాన. రాత్రి రెండు.
పిల్లల వార్డు నుంచి సిస్టర్ తియామికే:
"ఆక్సిజన్ మిషను ప్లగ్గు పట్టడంలేదు."
"ఏ రకం?"
"డీ."
"జీ యా?"
"కాదు, డీ... ఈ... అబ్బా, వినపడుతోందా?"
బీ, సీ, డీ, ఈ, జీ.
రేకుల మీద వాన పడుతుంటే
అన్నీ ఒకే దీర్ఘం.
నాలుగు రకాలు సంచిలో వేసుకుని
సైకిలు తొక్కాను.
తీరా చూస్తే అది సీ.

తయారుచేసినవాళ్ళు కొన్నిటికి ఆడ అనీ, మగ అనీ పెట్టారు.
తియామికే నవ్వింది:
"ఎక్స్‌టెన్షన్ తీగకు ఒక చివర ఇది, ఇంకో చివర అది.
రాత్రి రెండింటికి, పక్కన పసిపిల్ల తల్లి వింటుండగా
ఏం కనిపిస్తోందో నీకు చెప్పమంటావా?"
మేం ఆ చీటీలు చించేశాం.

ఇంకోదానికి కెటిల్ తీగ అని పేరు.
మా ఆసుపత్రిలో కెటిల్ ఎక్కడుంది?
గుమాస్తా దాన్ని కంప్యూటర్ తీగ అంటాడు, ల్యాబువాళ్ళు ఫ్రిజ్ తీగ అంటారు.
ముగ్గురూ ఒకే తీగ కోసం
మూడు ఫారాలు నింపారు. మేం ఇచ్చింది సున్నా.

అందుకని ఒక శనివారం
చిపెటా జనరేటరు పక్కన నిలబడి పేర్లు అరిచాడు,
నేను తలుపేసుకుని లోపల రాశాను.
తప్పు వినబడ్డది కొట్టివేత.
"రెండు గుండ్రాలు", "మూడు గుండ్రాలు" అలాగే పోయాయి.
జర్మనీదానికి పందిముక్కు అన్నాను, భలే వినబడింది.
స్టోరు సయీదీ మొహం చిట్లించాడు.
చొక్కా చూసుకుని వాడే అన్నాడు: బొత్తాం.
ఇటలీది నిచ్చెన. కెటిల్‌ది గడప.
మా గోడకు సరిపడేది, ఇంకేముంది, ఇంటిది.

అమెరికాదాని దగ్గర చిపెటా ఆగిపోయాడు.
పోయినేడు ఎవరో దానికి అడాప్టరు తొడిగారు.
చక్కగా పట్టింది.
పట్టడమే దాని తప్పు.
సగం కరెంటుకు పుట్టిన మిషను
మా కరెంటు తాగి కాలిపోయింది.
ఆ మంచం మీది పిల్లాణ్ణి
చేతి సంచితో తెల్లారేదాకా ఊపిరి ఊది కాపాడింది తియామికే.
ఆ మాట ఎత్తితే ఇప్పటికీ బొటనవేలు రుద్దుకుంటుంది.

దాని ఆకారానికి పేరు పెట్టొద్దన్నాడు చిపెటా.
ఎర్ర రిబ్బను కట్టి, మా చిచేవా మాటే రాశాడు:
ఇమా. ఆగు.

నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక ఫోను.
"కొత్త పెట్టె విప్పాం. చీకట్లో తడిమాను. ఇమా."
"ఆగు, వస్తున్నా."
"ఆగే ఉన్నా," అంది.

మేకుకు ఒక ప్లగ్గు ఇంకా వేలాడుతోంది.
అయిదు కాళ్ళు, ఒకటి వంకర.
ఏ పెట్టెలో వచ్చిందో, ఏ మిషనుదో తెలియదు.
చీటీ ఖాళీ.
టీ తాగేటప్పుడు చిపెటా దాన్ని అరచేతిలో తిప్పుతాడు,
నోరు తెరుస్తాడు,
బయట జనరేటరు మొదలవుతుంది,
మళ్ళీ మేకుకు తగిలిస్తాడు.