జమీన్ కిదర్ హై

చింతల్‌ల మా బిల్డింగు సంపు పక్కన
మూడు రాత్రుల సంది కూసున్న.
అరచెయ్యంత బోర్డు, అది అడుగుతది.
సంపు మూతకు వేలాడే సెన్సరు, అది పలుకది.
స్క్రీను మీద సున్న.
మల్ల సున్న.

నీళ్లు లేక కాదు.
అర్ధరాత్రి దాటినంక నల్లా వచ్చింది,
టార్చి కొడితె లోపల
నా మొకమే వంకర్లు తిరుగుతున్నది.

మొదటి రాత్రికి సమజైంది:
నోటికి నోరు కట్టిన, చెవికి చెవి.
ఇద్దరూ ఒక్కసారే మాట్లాడుతున్నరు,
వినెటోడు లేడు,
మా అపార్ట్‌మెంటు మీటింగు లెక్క.
వైర్లు అటుదిటు మార్చిన.

సున్న పోయింది, చెత్త మొదలైంది.
ప్రశ్నగుర్తులు, ఖాళీ డబ్బాలు,
నెత్తి మీద రెండు చుక్కలున్న ఏదో అక్షరం.
వేగం మార్చిన: తొమ్మిది వేల ఆరునూర్లు.
కేబులు మార్చిన.
కోడుల ఒక్కొక్క లైనును చంపి, మల్ల బతికించిన.
మీటరు పెడితె ప్రతి వైరూ కుయ్యిమన్నది.
ఉన్న వైర్లన్నీ మంచిగనే ఉన్నయ్.
లేని వైరును మీటరు ఎట్ల చూపెడ్తది?

శనివారం కోఠి, గుజరాతీ గల్లీ.
ముబీన్ భాయ్ సాసర్ల చాయ్ ఊదుకుంట
నా ఫోన్ల ఫొటోను రెండు వేళ్లతోని సాగదీసిండు.
"జమీన్ కిదర్ హై అమ్మా?"

బోర్డుకు కరెంటు లాప్‌టాప్ కెల్లి,
సెన్సరుకు పాత ఫోను చార్జరు కెల్లి.
ఎవరి నేల వాళ్లది.
అది ఐదు అంటె
ఎక్కడ నిలబడి ఐదు అంటున్నవని
ఇది అడగనన్న అడగలేదు.
జానెడు నల్ల వైరు కత్తిరించి ఇచ్చిండు.
పైసలు తీసుకోలె.

ఆదివారం, ఐదుంబావు.
నూటా పద్దెనిమిది.
నూటా పద్దెనిమిది.
నూటా పదిహేడు.
పైన ఎవరో మోటరు ఏసిండ్రు!
ఆ ఒక్క సెంటీమీటరుకు
నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టిన.

వాచ్‌మన్ పోశెట్టి వచ్చిండు,
ఎప్పటి లెక్కనే కట్టె ముంచిండు,
తడి గీత మీద బొటనవేలు ఆనిచ్చి
నా స్క్రీను దిక్కు చూసిండు.
"మంచిగనే చెప్తున్నది బిడ్డా.
రెండు వేళ్లు ఎక్కువ చెప్తున్నది."

కట్టె గోడకు ఆనిచ్చి గేటు దిక్కు పోయిండు.

కోడుల మూడు తీసేసిన.
ఎందుకు తీసేసిన్నో రేపు మర్చిపోత గనక
పక్కన రాసిపెట్టిన:
పోశెట్టి కట్టె ప్రకారం.