మధ్య బిందువు

పరకాలలో సాయంత్రం నాలుగున్నర.
కరెంటు పోయి అరగంటైంది.
జూనియర్ కాలేజీ మూడో గదిలో
నా వేళ్ల మధ్య సుద్దముక్క చెమటకు మెత్తబడుతున్నది.

బోర్డు మీద చతురస్రం గీసిన.
నాలుగు మూలలకు నాలుగు ఆవేశాలు:
ధన నాలుగు, దాని పక్కన రుణ ఏడు,
ఆ పక్కన ధన ఆరు, చివరికి రుణ మూడు.
అన్నీ నానో కూలుంబులే.
ఏ మూల నుంచి కొలిచినా నడిమికి తొంభై సెంటీమీటర్లు.
లెక్క నున్నగ తెగాలని
నేనే ఏరి తెచ్చిన దూరం అది.

"పొటెన్షియల్ అంటే ఏంది?"
గదంతా ఒక్క గొంతై అప్పజెప్పింది:
ఏకాంక ధనావేశాన్ని అనంతం నుంచి
ఆ బిందువు దాకా తేవడానికి చేసిన పని.

చివరి బెంచీల ఒక చెయ్యి లేచింది.
దామెర రవళి.
"తెచ్చేటోళ్లు ఎవరు సార్?"

పిల్లలు నవ్విన్రు.
నాకూ నవ్వొచ్చింది గని పెదవి దాకా రాలే.
ఇరవై రెండేండ్ల సంది తెప్పిస్తనే ఉన్న ఆ ఒక్క ఆవేశాన్ని
మెల్లగ తేవాలె, వేగం పుట్టకుండ తేవాలె అనుకుంట.
తెచ్చే మనిషి మొకం
ఒక్కనాడూ చూడలే.
పుస్తకంల ఆమెకు పేరు లేదు,
బాహ్య బలం అని మాత్రం ఉన్నది.

"ఎవరైతేంది? ఏ దారిన తెచ్చినా పని ఒక్కటే" అన్న,
సూత్రం అండ చూసుకొని.
"ఒడ్డు మీంచి వస్తే ఒక తీరు, బురదల పడి వస్తే ఒక తీరు గద సార్?
మా అమ్మ పత్తి మూట..."
అని ఆగింది.
"అది రాపిడి, బిడ్డా. ఈ క్షేత్రంల రాపిడి ఉండదు."
"గసుంటి క్షేత్రం ఏ ఊళ్లె ఉంటది సార్?"

ఈసారి నవ్వింది నేనే.

సరే, లెక్కకొద్దాం అన్న.
పొటెన్షియల్‌కు దిక్కు లేదు,
అందుకే కూడుడు అల్కగ.
ఒక్కో నానో కూలుంబుకు పది వోల్టులు.
నలభై. అందులోంచి డెబ్బై పోవాలె.
అరవై కలపాలె. ముప్ఫై పోవాలె.
సున్నా.
ఎర్ర సుద్దతోటి దాని కింద రెండు గీతలు కొట్టిన.
గంట మోగింది.
సంచులు, చెప్పులు, సైకిళ్ల చప్పుడు.

రవళి పోలేదు.
ఐదుంబావుకు గని బస్సు రాదట.
నేను పడేసిన సుద్దముక్క తీసుకొని
నడిమిట్ల ఒక చుక్క పెట్టింది.
ఆ చుక్క నుంచి బాణాలు గీస్తున్నది.
ఆరు నెట్టుతది, నాలుగు ఎదురు నెట్టుతది,
నాలుగు ఓడుతది.
ఏడు గుంజుతది, మూడు అటు గుంజుతది,
మూడు ఓడుతది.
పెదవులు కదులుతున్నయి,
వేలి కణుపుల మీద లెక్క నడుస్తున్నది.
కణుపుల పక్కన పత్తికాయ డొప్పలు గీరిన గీతలు,
కొన్ని పాతవి, కొన్ని మొన్న ఆదివారానివి.

"సార్, సున్నా వచ్చింది గద."
"వచ్చింది."
"ధనమూ రుణమూ చెల్లుకు చెల్లు."
"అవు."
"మరి ఈ చుక్కను ఇడిసిపెడితే ఆగుతలేదు సార్.
గిటు పోతున్నది."

చూసిన.
చివరి బాణం కొంచెం వంకరగ,
నాలుగుకూ ఏడుకూ నడుమ నుంచి పోతూ
ఏడు దిక్కుకే ఎక్కువ ఒరిగి ఉన్నది.
బాణం తప్పు లేదు.
అది రేపటి పాఠం, నేనింకా చెప్పనే లేదు.

"రుణం పెద్దగున్న మూలకు పోతున్నది" అన్నది,
నాతోటి కాదు, బోర్డుతోటి.

కరెంటొచ్చింది.
ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరిగింది.
బల్ల మీది సుద్దపొడి లేచి
ఇద్దరి మీద పడ్డది.
బస్సు హారను విని ఆమె ఉరికింది,
పెన్ను మర్చిపోయింది.

డస్టర్ చేతుల పట్టుకొని నిలబడ్డ.
నా సున్నా తుడిచిన, రెండు ఎర్ర గీతలు తుడిచిన.
చతురస్రం, చుక్క, ఆ వంకర బాణం
అట్లనే ఉంచి
తలుపు దగ్గరికేసిన.